పర్మిషన్ ఒక్క పూటలో వచ్చింది, ప్లాట్ కొలతలు, ప్లాన్ తేలడానికే మూడు వారాలు పట్టింది

హనుమకొండలో భీమారం దాటాక మాకో 200 గజాల ప్లాట్ ఉంది. 2009లో కొన్నాం. అప్పుడది పంచాయతీ లేఅవుట్, కడీలు (హద్దు రాళ్లు) పాతి, మధ్యలో ట్రాక్టర్‌తో రోడ్డు చదును చేసి అమ్మారు. పదహారేళ్ల తర్వాత, 2025 ఎండాకాలంలో ఇల్లు మొదలుపెట్టాం. నేను సర్కారు బడిలో టీచర్‌ని. మా ఆయన భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగి, ఆదివారాలే ఇంటికి వస్తారు. కాబట్టి పర్మిషన్ పని మొత్తం నేనే తిరిగి చేయించాను, ఏం జరిగిందో వివరంగా రాస్తాను, హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో ఇల్లు కట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుందని.

నేను చెప్పేది రెండింటి గురించి. ఒకటి బీపాస్‌లో, అంటే ఇంటి అనుమతులిచ్చే సర్కారు ఆన్‌లైన్ పద్ధతిలో వచ్చే ఇన్‌స్టంట్ పర్మిషన్. రెండోది మాకు ప్లాన్ గీసి, దరఖాస్తు పెట్టిన లైసెన్స్‌డ్ ఇంజనీర్ ఆఫీసు. మొదటిదానికి ఐదుకు నాలుగు, రెండోదానికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఇంజనీర్ గారి పేరు మాత్రం రాయడం లేదు. రాస్తానంటే ఆయనే వద్దన్నారు, ఉన్న పనికే మనుషులు చాలట్లేదట. కానీ ఆయన ఏం చేశారో రాస్తే, మీరు వెళ్లే ఇంజనీర్‌ని ఏం అడగాలో మీకు తెలుస్తుంది కదా.

ముందు బీపాస్ సంగతి. 2020లో రాష్ట్ర ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది, ఆ ఏడాది నవంబర్ 16న టీఎస్ బీపాస్ మొదలైంది. దాని లెక్క ఇలా ఉంటుంది. 75 గజాల లోపు ప్లాట్‌లో గ్రౌండ్, దానిపైన ఒక్క అంతస్తు కట్టుకుంటే అసలు పర్మిషనే అక్కర్లేదు, ఒక్క రూపాయి ఫీజుతో ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుంటే చాలు. 75 గజాలు దాటి 600 గజాల వరకు, అంటే 500 చదరపు మీటర్ల దాకా, ఎత్తు 10 మీటర్లు మించని సొంతిల్లు అయితే ఇన్‌స్టంట్ అప్రూవల్. కాగితాలు పెట్టి, సంతకం చేసి, ఫీజు కడితే అప్పుడే పర్మిషన్ వచ్చేస్తుంది. అంతకంటే పెద్దవి, ఇంకా మడిగెలు (షాపులు), కాంప్లెక్సులు లాంటివన్నీ సింగిల్ విండోలోకి వెళ్తాయి, వాటికి 21 రోజుల గడువు. ఆ గడువులో ఆఫీసు అవుననో కాదనో చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. చట్టంలోనే అలా రాశారు. ఒకప్పుడు మా నాన్న 1990ల్లో ఇల్లు కట్టినప్పుడు ఒక్క సంతకం కోసం ఎన్ని నెలలు తిరిగాడో నేను కళ్లారా చూశాను, మడమల దగ్గర అరిగిపోయిన ఆయన చెప్పులు ఇప్పటికీ గుర్తున్నాయి. అందుకే ఈ పద్ధతి అంటే నాకు నిజంగా గౌరవం.

2025లోనే రాష్ట్రంలో బిల్డ్‌నౌ అనే కొత్త విధానం కూడా మొదలైంది కాబట్టి మీరు పెట్టేటప్పటికి కంప్యూటర్‌లో కనిపించేవి వేరేగా ఉండొచ్చు. నేను పెట్టింది బీపాస్‌లో. ఏ పోర్టల్ అయినా సరే, నేను చెప్పబోయే అసలు సంగతి మాత్రం మారదు.

మాది అప్రూవ్డ్ లేఅవుట్ కాదు కాబట్టి మొదట ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం) తేలాలి. 2020లో వెయ్యి రూపాయలు కట్టి అప్లికేషన్ పెట్టుకున్నవాళ్లలో మేమూ ఉన్నాం, ఆ రసీదు బీరువాలో నాలుగున్నరేళ్లు ఉంది. 2025 మార్చి 31 లోపు కడితే 25 శాతం రాయితీ అన్నారు, స్టాఫ్ రూమ్‌లో అందరిదీ అదే మాట, మేం కూడా కట్టేశాం. లేఅవుట్‌లో పార్కుకూ బడికీ వదలాల్సిన ఖాళీ జాగా వదల్లేదు కాబట్టి దానికి బదులు ప్లాట్ విలువలో 14 శాతం వసూలు చేస్తారు, అది మనం రిజిస్ట్రేషన్ చేయించుకున్న రోజు విలువ మీద లెక్కగడతారు. మాది 2009 విలువ కాబట్టి ఆ భారం కొంచెం తగ్గింది. పాత డాక్యుమెంట్ ఉన్నవాళ్లు లెక్క కాగితంలో ఆ ముక్క సరిగ్గా పడిందో లేదో ఒకసారి చూసుకోండి.

ఎల్ఆర్ఎస్ ప్రొసీడింగ్స్ చేతికొచ్చాక, ఇంకేముంది, పర్మిషన్ ఇన్‌స్టంటే కదా అని మా వీధి చివర ఆన్‌లైన్ పనులు చేసే ఒక సెంటర్‌కి వెళ్లాను. కరెంట్ బిల్లులు, రేషన్ కార్డులు, అడ్మిషన్ ఫారాలు అన్నీ చేస్తారు, ఇంటి పర్మిషన్ కూడా చేస్తామని బోర్డు పెట్టారు. 7,000 అడిగాడు ఆ అబ్బాయి. సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్ (పాత ఓనర్ల డాక్యుమెంట్), ఈసీ (ప్లాట్ మీద జరిగిన లావాదేవీలు చూపే కాగితం), ఎల్ఆర్ఎస్ కాగితం, ఫొటో తీసుకున్నాడు. ప్లాట్ ఎక్కడుందని కూడా అడగలేదు. సేల్ డీడ్‌లో 36 అడుగులు, 50 అడుగులు, ముందు 30 అడుగుల రోడ్డు అని ఉంటే అదే కొట్టేశాడు. కంప్యూటర్‌లో రెడీగా ఉన్న ఒక ప్లాన్ తీసి కొలతలు మార్చాడు. నేను అడిగాను, ప్లాట్ దగ్గరికి రావాలి కదా బాబూ అని. "అవసరం లేదు మేడం, ఇన్‌స్టంట్ అంటే ఎవ్వరూ చూడరు, డబ్బులు కట్టంగనే వచ్చేస్తది, తర్వాత మీ ఇష్టం వచ్చినట్టు కట్టుకోండి" అన్నాడు. సంతకం పెట్టడానికి నాలుగు కాగితాలు ప్రింట్ తీసిచ్చాడు. ఆ పూట బడికి టైమ్ అవుతోందని వాటిని ఇంటికి తెచ్చుకున్నాను, అదే నా అదృష్టం.

రాత్రి వంట అయ్యాక కూర్చుని చదివాను. ఇంగ్లీషులో ఉంది, వాక్యాలు చాలా పొడుగు, రెండుసార్లు చదివితే గానీ ఎక్కలేదు. అర్థమయ్యాక మాత్రం నిద్ర పట్టలేదు. అందులో ఉన్న విషయం ఏమిటంటే, నా ప్లాట్ ఇంత ఉంది, రోడ్డు ఇంత ఉంది, ఇది చెరువు శిఖంలో (చెరువు నీళ్లు నిండే జాగాలో) లేదు, ప్రభుత్వ భూమి కాదు, కోర్టు కేసు లేదు, నేను నాలుగు పక్కలా ఇంత జాగా వదిలి కడతాను అని నేనే సంతకం పెట్టి చెప్తున్నాను. అవి తప్పని తేలితే పర్మిషన్ రద్దు చేయొచ్చు, కట్టింది నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చొచ్చు. పాత రోజుల్లో ఆఫీసువాళ్లు వచ్చి కొలిచి చూసి సంతకం పెట్టేవారు. ఇప్పుడు ఆ సంతకం మనది. సెల్ఫ్ సర్టిఫికేషన్ అంటే అది. సర్కారు మనల్ని నమ్మి పర్మిషన్ ఇస్తోంది, మంచిదే, కానీ నేల మీద ఎంత ఉందో నాకే తెలియకుండా నేను దేనికి సంతకం పెట్టాలి? పదహారేళ్లలో ఆ ప్లాట్‌కి నేను టేప్ పెట్టింది లేదు, ఏడాదికోసారి వెళ్లి తుమ్మచెట్లు కొట్టించి వచ్చేదాన్ని, అంతే. మర్నాడు పొద్దున్నే సెంటర్‌కి వెళ్లి, చేసిన పనికి 500 ఇచ్చి కాగితాలు వెనక్కి తీసుకున్నాను.

మా బడిలో సైన్స్ సార్ ఇల్లు కట్టి రెండేళ్లయింది. ఆయనే ఈ ఇంజనీర్ గారి దగ్గరికి పంపారు. నయీంనగర్ దారిలో ఒక మేడ మీద చిన్న ఆఫీసు, రెండు బల్లలు, ఒక పెద్ద ప్రింటర్, గోడకు చుట్టలు చుట్టి పెట్టిన ప్లాన్‌లు. వయసు అరవైకి దగ్గరుంటుంది. నేను డాక్యుమెంట్లు ముందు పెడితే ఆయన ప్లాన్ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎన్ని బెడ్‌రూమ్‌లు కావాలని అడగలేదు. "అమ్మా, ముందు జాగా చూద్దాం. పొద్దున ఆరింటికి రండి, ఎండ ముదిరితే టేప్ సరిగ్గా పట్టలేం" అన్నారు. నాకు ఆ మాటతోనే సగం టెన్షన్ పోయింది.

ఏప్రిల్ మొదటి వారం. ఆయనా, ఇద్దరు కుర్రాళ్లూ వచ్చారు. నేను మా ప్లాట్ చూపిస్తే ఆయన అక్కడ ఆగలేదు, నేరుగా రోడ్డు మొదటికి నడిచారు. లేఅవుట్ కాపీ చేత్తో పట్టుకుని మొదటి ప్లాట్ మూల కడీ ఎక్కడుందో వెతికించారు. అది సగం మట్టిలో కూరుకుపోయి ఉంది, గడ్డపారతో తవ్వితే కనపడింది. అక్కడి నుంచి కొలుచుకుంటూ వచ్చారు, ఒక్కో ప్లాట్ దగ్గర గోడ ఎక్కడుందో రాసుకుంటూ. మాది వరసలో ఏడోది. ముందున్న ఇళ్లవాళ్లు ఒకరు రెండు అంగుళాలు, ఒకరు మూడు అంగుళాలు, తెలిసో తెలియకో ఇటు జరిగారు, అవన్నీ కలిసి మా దగ్గరికి వచ్చేసరికి అడుగు అయింది. మా పక్కింటి ప్రహరీ గోడ మా ప్లాట్‌లో ఒక అడుగు ఉంది. క్రాస్ కొలతలు కూడా పట్టి చూశారు, మూలలు సరిగ్గానే ఉన్నాయి, వెడల్పే తగ్గింది. తర్వాత రోడ్డు కొలిచారు. కాగితంలో 30 అడుగులు. ఎదురింటి గోడ నుంచి మా హద్దు దాకా 25 ఉంది.

"అమ్మా, కాగితంలో 36 ఉంది, నేల మీద 35 ఉంది. మీరు సంతకం దేని మీద పెడతారు?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఈ లెక్కలు విడమర్చి రాస్తాను, ఎందుకంటే దీని గురించే ఈ రివ్యూ రాయాలనిపించింది. సేల్ డీడ్ ప్రకారం 36 ఇంటూ 50, అంటే 1,800 చదరపు అడుగులు, 200 గజాలు. నేల మీద 35 ఇంటూ 50, అంటే 1,750, గజాల్లో 194 పైన. కాగితం, నేల, ఈ రెంటిలో ఏది తక్కువో దాని మీదే ప్లాన్ గీయాలన్నారు ఆయన. ఇక రోడ్డు. కొత్త కాలనీల్లో ఇంటి ముందు రోడ్డు 9 మీటర్లు, అంటే 30 అడుగులు ఉండాలి. అంత లేకపోతే రోడ్డు మధ్య నుంచి నాలుగున్నర మీటర్లు లెక్కపెట్టి, అంతవరకు మన జాగా రోడ్డుకు వదిలి, ఆ తర్వాతే మన ప్లాట్ మొదలైనట్టు చూపించాలి. మాకు అది రెండున్నర అడుగులు. అంటే లోతు 47 అడుగుల 6 అంగుళాలకు దిగింది. మిగిలింది 1,662 చదరపు అడుగులు, దాదాపు 185 గజాలు. కొన్నది 200, ఇల్లు కట్టుకోవడానికి 185. ఆ సెంటర్ అబ్బాయి ప్లాన్ పట్టుకుని ముగ్గు పోసి ఉంటే మా ముందు గోడ వచ్చి రోడ్డు జాగాలో పడేది, పక్క గోడకూ పక్కింటి ప్రహరీకీ మధ్య ఉండాల్సిన ఖాళీలో ఒక అడుగు లేకుండా పోయేది. పర్మిషన్ కాగితం మాత్రం చేతిలో ఉండేది!

ఆదివారం మా ఆయన వచ్చారు. ఒక అడుగు వెడల్పు, 50 అడుగుల పొడవు, ఐదున్నర గజాలు, ఇవాళ్టి ధరకు లెక్కేసి చాలా కోపం తెచ్చుకున్నారు. సర్వేకి పెడదాం, గోడ తీయిద్దాం అన్నారు. పక్కింటాయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యారు, 2015లో కట్టుకున్నారు. వెళ్లి అడిగితే "నేను కడీ చూసే కట్టిన బిడ్డా, ఆ ఇంటాయన గోడ పక్కపొంటే నాది పెట్టిన" అన్నారు. ఆయన అబద్ధం చెప్పట్లేదని ఇంజనీర్ గారి కొలతల కాగితమే చెప్తోంది, ఆయన ప్లాట్ 36 ఉంది, ఒక్క అంగుళం ఎక్కువ లేదు. ఆయన్ని జరపాలంటే ఆయన ముందాయన జరగాలి, అట్లా ఆరిళ్లు. రెండు రోజులు ఇంట్లో ఇదే చర్చ. చివరికి మా అత్తమ్మ అన్నది, "రేపు గృహప్రవేశానికి ఆయన పెండ్లాన్ని తీస్కొని రావాలె గదా. పోనియ్యిండ్రి." మేం ఆ అడుగు వదులుకున్నాం. మా ఆయనకు ఇప్పటికీ మనసులో ఉంది. నాకూ లేదని చెప్పను. కానీ 2009లోనే, కొన్న నెలలోనే, నాలుగు మూలలా కడీలు గట్టిగా పాతి చుట్టూ రెండు వరసల రాయి కట్టించి ఉంటే ఈ అడుగు పోయేది కాదు. ప్లాట్ కొని ఊరుకున్నవాళ్లు దయచేసి ఈ ఒక్క పని చేయండి.

ఇక ప్లాన్. మా ప్లాట్ సైజుకు, 100 నుంచి 200 చదరపు మీటర్ల మధ్యలో ఉన్నదానికి, ముందు మీటరున్నర, మిగతా మూడు పక్కలా ఒక్కో మీటరు వదలాలి. అడుగుల్లో ముందు దాదాపు ఐదు, మిగతా పక్కల మూడు అడుగుల మూడు అంగుళాల పైచిలుకు. ఇది 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168 నంబర్ జీవోలో ఉన్న లెక్క, ప్లాట్ పెద్దదవుతున్న కొద్దీ వదలాల్సింది పెరుగుతుంది. అవన్నీ పోగా మాకు 28 అడుగుల వెడల్పు, 39 అడుగుల పొడవు మిగిలింది, కింద 1,100 చదరపు అడుగుల ఇల్లు. మా మేస్త్రి ఒప్పుకోలేదు. పక్కలకు ఒకటిన్నర అడుగు చాలు, లోపల హాల్ పెద్దగా వస్తది, అందరూ అట్లనే కడుతున్నరు మేడం అన్నాడు. అందరూ అట్లనే కడుతున్నారు, నిజమే, మా కాలనీలో చూస్తే తెలుస్తుంది, కిటికీ తెరిస్తే పక్కింటి కిటికీకి తగులుతుంది. ఇంజనీర్ గారు మాత్రం మేస్త్రిని ఆఫీసుకు పిలిపించి టీ తాగిస్తూ చెప్పారు. బ్యాంకు లోన్ విడతలవారీగా వస్తుంది, ప్రతి విడతకూ వాళ్ల మనిషి వచ్చి ప్లాన్‌తో పోల్చి చూస్తాడు. వదలాల్సిన జాగాలో 10 శాతం లోపు తప్పితే ఇంటి పన్ను మీద 25 శాతం జరిమానా, అంతకు మించి తప్పితే 50 శాతం, పర్మిషనే లేకుండా కడితే 100 శాతం, అంటే పన్ను రెండింతలు, అదీ ఏటేటా. మేస్త్రి ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. హాల్ చిన్నదే అయింది, గాలి మాత్రం వస్తుంది.

మా ఆయనకు ముందువైపు ఒక మడిగె వేద్దామని ఉండేది, కిరాయి వస్తుందని. ఇక్కడ ఇంజనీర్ గారు చెప్పింది అందరూ గుర్తుంచుకోవాలి. ఇన్‌స్టంట్ అప్రూవల్ అనేది మనుషులు నివాసం ఉండే ఇంటికే. ఒక్క మడిగె కలిసినా అది సింగిల్ విండోకి వెళ్లాలి, రోడ్డు వెడల్పు లెక్క మారుతుంది, పార్కింగ్ లెక్క మారుతుంది. ఇంటికని తీసుకుని తర్వాత షట్టర్ పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ అది మనం సంతకం పెట్టి చెప్పినదానికి విరుద్ధం. మడిగె వద్దనుకున్నాం. మాకు తెలిసిన ఒకరు 700 గజాల్లో అపార్ట్‌మెంట్ లాంటిది కడుతున్నారు, వాళ్లది సింగిల్ విండోనే, కట్టే విస్తీర్ణంలో 10 శాతం మార్టిగేజ్ (తనఖా) కూడా రిజిస్టర్ చేసివ్వాల్సి వచ్చింది, అంతా ప్లాన్ ప్రకారం పూర్తయి ఓసీ (ఇక అందులో ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చాకే అది విడుదలవుతుంది.

నీళ్ల సంగతి మాత్రం నేనే అడిగాను. 2023 జూలై చివర్లో వాన ముంచెత్తినప్పుడు మా అన్నయ్య వాళ్లు హంటర్ రోడ్డు వైపు అద్దెకుండేవారు. తెల్లారేసరికి మంచం దాకా నీళ్లు. మా వదిన చిన్నపిల్లని భుజాన వేసుకుని పై అంతస్తు మెట్ల మీద పొద్దంతా కూర్చుంది. పిల్ల బర్త్ సర్టిఫికెట్‌తో సహా అన్నీ తడిసి ముద్దయ్యాయి. చెరువుల ఊరు మనది, కాకతీయులు గొలుసుకట్టుగా తవ్వించారు, ఒకదాని అలుగు నీళ్లు ఇంకోదానికి పోయే దారులుండేవి, ఆ దారుల మీదే కాలనీలు వచ్చాయి. అందుకే ఇంజనీర్ గారిని గ్రామ నక్ష (ఊరి సర్వే పటం) తెప్పించమన్నాను. ఆయన అప్పటికే తెప్పించారు. మా సర్వే నంబర్‌కి చెరువు ఎంత దూరం, వాగు ఎటు పోతోంది, అన్నీ స్కెచ్ పెన్నుతో గీసి చూపించారు. 10 హెక్టార్లు దాటిన చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు, చిన్న నాలా అయితే 2 మీటర్లు ఏమీ కట్టకూడదు. మాకు ఆ ఇబ్బంది లేదు. అయినా పునాది ఎత్తు రోడ్డు కంటే మూడడుగులు పెట్టమన్నారు, ఇంకుడు గుంత ఎక్కడ వస్తుందో ప్లాన్‌లోనే చూపించారు. ప్లాట్ కొనేటప్పుడే ఈ నక్ష చూసుకోవాల్సింది, మేం చూసుకోలేదు, దేవుడి దయవల్ల బతికిపోయాం.

దరఖాస్తు పెట్టిన రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే ఈ పద్ధతిలో గొప్పతనం. బడులకు ఎండాకాలం సెలవులిచ్చాక ఒక పొద్దున వెళ్లి ఆఫీసులో కూర్చున్నాను. సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, మార్కెట్ వాల్యూ సర్టిఫికెట్, ఎల్ఆర్ఎస్ ప్రొసీడింగ్స్, ప్లాట్ ఫొటోలు, ప్లాన్, ఒక్కొక్కటి ఎక్కించారు. నా ఫోన్‌కి ఓటీపీలు వచ్చాయి. ప్రతి పేజీ సంతకానికి ముందు ఆయన తెలుగులో చదివి చెప్పారు, ఇది నిజమేనా అమ్మా అని ఒక్కోటి అడిగారు, నేను అవునన్నాకే తర్వాతి పేజీ. ఫీజు లెక్క అక్కడే వచ్చింది, కట్టేశాను. అన్నానికి ఇంటికొచ్చేలోపు పర్మిషన్ కాగితం ఫోన్‌లో ఉంది. ఎవరికీ దండం పెట్టలేదు, ఎవరి బల్ల ముందూ నిలబడలేదు. మా నాన్నకి ఫోన్‌లో చూపిస్తే కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

అక్షయ తృతీయ నాడు, ఏప్రిల్ 30న, భూమి పూజ చేశాం. పిల్లర్ గుంతలు మాత్రం తవ్వించలేదు, ఇంజనీర్ గారు ఆగమన్నారు. ఇన్‌స్టంట్‌గా ఇచ్చిన పర్మిషన్లను తర్వాత వచ్చి చూసుకుంటారు, 21 రోజుల్లోపు ఆ వెరిఫికేషన్ అయిపోవాలి. ఎవరూ చూడరని ఆ సెంటర్ అబ్బాయి అన్నాడు కదా. మాకు వచ్చారు. మే నెల ఎండలో ఇద్దరు వచ్చి టేప్ పట్టారు. వెడల్పు 35. రోడ్డుకు వదిలిన రెండున్నర అడుగుల దగ్గర సున్నంతో గీత గీసి పెట్టి ఉంది. కొలుచుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు, పది నిమిషాల్లో వెళ్లిపోయారు. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను, చేతులు వణికాయి, తప్పు చేయకపోయినా.

ఇంజనీర్ గారి ఆఫీసు గురించి నచ్చనివి కూడా చెప్పాలి. మొత్తం 18,000 తీసుకున్నారు, కొలత, ప్లాన్, దరఖాస్తు అన్నీ కలిపి. ముగ్గు పోసే రోజు వచ్చి మార్కింగ్ ఇవ్వడానికి ఇంకో 2,000. ఆ రెండు వేల సంగతి మొదట చెప్పలేదు, చెప్పి ఉండాల్సింది. రాత్రి ఏడు దాటితే ఫోన్ ఎత్తరు. వాట్సాప్‌లో మార్పులు పంపితే చూడరు, ఆఫీసుకు వచ్చి కాగితం మీద గీసి చూపించాలి, ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు అది కష్టం. ప్లాన్ రెండుసార్లు మార్పించుకున్నాం, మెట్లు మా అత్తమ్మ వాస్తుకు ఒప్పలేదు, మూడోసారి అడిగితే కొంచెం విసుక్కున్నారు. అందుకే అర మార్కు తగ్గించాను. అయినా మళ్లీ కడితే మళ్లీ ఆయన దగ్గరికే వెళ్తాను.

బీపాస్‌కి ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, ఆ సంతకం పెట్టే కాగితం తెలుగులో కూడా పక్కనే ఉండాలి, పెద్ద అక్షరాల్లో. కొలవకుండా సంతకం పెట్టొద్దు అని మొదటి పేజీలోనే ఒక్క మాట ఉంటే చాలు, ఎంతమందికో ఇల్లు నిలబడుతుంది. నేను రెండు భాషలూ చదువుకున్నదాన్ని, నాకే రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు. బీడీలు చుట్టి, పైసా పైసా కూడబెట్టి 100 గజాలు కొనుక్కున్న ఆమె ఏం చదువుతుంది, ఎవరిని అడుగుతుంది?

ఖిలా వరంగల్ వైపు, వేయి స్తంభాల గుడి దగ్గర ఇల్లు ఉన్నవాళ్లకు ఇంకో మెలిక ఉంది. కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం నిషిద్ధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల వరకు విడిగా ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తెచ్చుకోవాలి. మా బడిలో ఒక మేడం వాళ్ల పాత ఇల్లు కోట లోపలే ఉంది, ఆమె తిరుగుతోంది. అలాంటి జాగా అయితే ఇన్‌స్టంట్ అని తొందరపడకుండా ముందు ఆ దూరం కొలిపించండి.

ఇంజనీర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒరిజినల్స్ ఇంట్లోనే పెట్టి జిరాక్స్‌లు తీసుకెళ్లండి, లేఅవుట్ కాపీ మాత్రం ఎట్లాగైనా సంపాదించి పట్టుకెళ్లండి, అది లేకపోతే మొదటి కడీ దొరకదు. ఆ కాపీ మాకు ప్లాట్ అమ్మినాయన దగ్గర లేదు, మా వరసలో మూడో ఇంటివాళ్లు ట్రంకుపెట్టెలో దాచుకున్నారు, వాళ్లిచ్చారు. స్లాబ్ రోజు ఆ ఇంటికి మిఠాయి పంపాను.